నాలుగింటి లారీ

మా ఆవిడని వాళ్ళ షెడ్డులో చిట్టా అక్క అంటారు. పేరు విని లెక్కలు రాసే మనిషి అనుకునేరు, ఆవిడ చేత్తో ఏమీ రాయదు. పందొమ్మిదేళ్ళపాటు ఆ షెడ్డులో ఏ పెట్టె ఏ మూల ఉందో మొత్తం ఆవిడ బుర్రలోనే ఉండేది కాబట్టి ఆ పేరొచ్చింది. నేను ఆవిడ మొగుణ్ణి. వీధివైపు గదిలో కుట్టుమిషను వేసుకుని బట్టలు కుడతాను. నా కత్తెర ఎక్కడుందో కూడా నాకు ఆవిడే చెప్పాలి.

కొలతల పుస్తకం తప్ప నేనెప్పుడూ ఏమీ రాసినవాణ్ణి కాదు. ఇలాంటివాళ్ళ గురించి రాసేవాళ్ళు ఎలాగూ లేరు కాబట్టి నేనే కూర్చున్నాను. గొప్పలు చెప్పుకుంటున్నాడని అనుకుంటే అనుకోండి. సొంత పెళ్ళాం గురించి చెప్పుకోకపోతే ఇంకెవరి గురించి చెప్పుకుంటాను?

వాళ్ళ కంపెనీలో నీళ్ళ మోటార్లు తయారవుతాయి. తయారైన మోటార్లని అట్టపెట్టెల్లో పెట్టి వెనకున్న షెడ్డుకి పంపుతారు. ఏ డీలరు ఏ మోటార్లు ఎన్ని అడిగాడో చూసుకుని, వాటిని ఏరి, లారీలకెక్కించి పంపడం షెడ్డువాళ్ళ పని. మొత్తం పదకొండుమంది. మా ఆవిడ మొదట పెట్టెల మీద చిరునామా కాగితాలు అంటించే పనికి చేరింది. రెండేళ్ళు తిరిగేసరికి కంప్యూటరు ఇరవై పెట్టెలున్నాయంటే, మా ఆవిడ పదిహేడే అంటే, వెళ్ళి లెక్కపెడితే పదిహేడే ఉండేవి. అప్పట్నుంచి కంప్యూటర్ని అడగడం మానేశారు.

ఆ షెడ్డు నుంచి ఊరిబయటికి పోవాలంటే ఏటి మీద వంతెన దాటాలి. సాయంత్రం నాలుగున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా ఆ వంతెన మీద లారీలని వదలరు. అందుకని ఆఖరి లారీ నాలుగింటికల్లా గేటు దాటి తీరాలి. దాటకపోతే రాత్రిదాకా రోడ్డు పక్కన పడి ఉంటుంది, మర్నాడు చేరాల్సిన మోటార్లు ఆ మర్నాడు చేరతాయి. వారంలో మూడు రోజులు ఇదే వరస. మూడున్నరకి మొదలయ్యేది హడావిడి. అర హెచ్‌పీ మోటార్లు ఎక్కడ, ఫలానా డీలరు పెట్టెలు ఏవి, ఎక్కించినవాటిని మళ్ళీ ఎందుకు దించుతున్నారు అని ఒకటే కేకలు. ఆ కేకలన్నీ చివరికి ఒకే కేకలో కలిసేవి. చిట్టా అక్క ఎక్కడ?

చిట్టా అక్క ఇంట్లో ఉన్నా సరే, ఫోను మోగేది. జ్వరంతో పడుకుంటే మోగేది. మా అమ్మాయి కాన్పుకి ఆస్పత్రిలో కూర్చుంటే మోగేది. మా అత్తగారు పోయినరోజు కూడా మోగింది. ఇంటినిండా జనం. మా ఆవిడ వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. ఫోను తీసి, "కాటా వెనక, ఎడమవైపు, రెండో వరస, కింద పెట్టె" అని చెప్పి, పెట్టేసి, కళ్ళు తుడుచుకుంది. ఆరోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఫోను తీసి బావిలో వేద్దామనుకున్నాను. తరవాత అడిగితే ఆవిడ ఏమందో తెలుసా? "నేను లేకపోతే వాళ్ళకి తోచదు" అంది. ఆ గొంతులో ఏడుపు జీర ఇంకా పోలేదు, అయినా మాట మాత్రం గర్వంగానే ఉంది.

రెండేళ్ళ కిందటి మాట. కంపెనీకి అందరికంటే పెద్ద డీలరు, ఇక ఆలస్యమైతే వేరే కంపెనీ మోటార్లు తెప్పించుకుంటానని కబురు పంపాడు. పెద్ద మేనేజరు షెడ్డులో అందర్నీ నిలబెట్టి చెప్పాడు. ఈ ఎక్కించి పంపే పని బయటి కంపెనీకి ఇచ్చేయాలనుకుంటున్నారట. ఇచ్చేస్తే ఈ పదకొండుమందికీ ఇక్కడ పనిలేదు. దానికి ముందు ఒక్క అవకాశం. పద్ధతి మార్చుకోవడానికి మూడు నెలలు గడువు. ఆ తరవాత ముప్పై పనిదినాలు వరసగా ఆఖరి లారీ నాలుగింటికల్లా గేటు దాటాలి. ఒక్కరోజు తప్పినా షెడ్డు బయటివాళ్ళ చేతిలోకి పోతుంది. పద్ధతి నేర్పడానికి ఒక ఇంజనీరమ్మాయిని పంపుతున్నామని కూడా చెప్పాడు.

ఆ పద్ధతి పేరు లీన్ అట. మా ఆవిడ చెప్పగా నాకు అర్థమైందేమిటంటే, పనికి పట్టిన కొవ్వు కరిగించడం. నడవక్కర్లేని నడక, వెతకక్కర్లేని వెతుకులాట, ఎత్తి దించి మళ్ళీ ఎత్తడం, ఇవన్నీ కొవ్వే. వినగానే నేను నవ్వాను. ముప్పై ఏళ్ళు నిండని పిల్ల వచ్చి పందొమ్మిదేళ్ళ మనిషికి పెట్టెలెత్తడం నేర్పుతుందా అన్నాను. మా ఆవిడ కూడా నాతోపాటు నవ్వింది. ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు లెండి.

ఆ పిల్ల వచ్చినరోజు ఎవరికీ ఏమీ నేర్పలేదు. షెడ్డు మధ్యలో నేల మీద సుద్దముక్కతో గుండ్రంగా గీత గీసి, అందులో నిలబడి, మధ్యాహ్నం దాకా అందర్నీ చూస్తూ ఉందట. ఫోర్క్‌లిఫ్టు, అదే పెట్టెలెత్తే బండి, నడిపేవాణ్ణి అందరూ నిదానం అంటారు. మనిషి మహా నెమ్మది, మాట ఇంకా నెమ్మది. వాడు వెళ్ళి ఆ పిల్లని, మిమ్మల్ని ఎవరైనా నిలబెట్టారా అమ్మా, ఏం తప్పు చేశారు అని అడిగాడట. ఆ పిల్ల నవ్వి, చూడ్డం కూడా పనేనండి అందట.

రెండోరోజు షెడ్డు పటం ఉన్న కాగితం పట్టుకుని మా ఆవిడ వెంట పడింది. మా ఆవిడ ఎటు నడిస్తే అటు పెన్సిలుతో గీత. సాయంత్రానికి ఆ కాగితం ఇంటికొచ్చింది. అన్నం వడ్డించకుండా నా ముందు పరిచి, ఇదేమిటో చెప్పుకోండి చూద్దాం అంది. చిక్కుపడ్డ దారపుండలా ఉంది అన్నాను. పదకొండు కిలోమీటర్లట. ఒక్కరోజులో, ఆ షెడ్డులోనే, మా ఆవిడ పదకొండు కిలోమీటర్లు నడిచింది. అందులో చేతిలో పెట్టెతో నడిచింది మూడే. మిగతాదంతా వెతకడానికో, వట్టి చేతులతో వెనక్కి రావడానికో. నా పెళ్ళాం కాళ్ళనొప్పులకి పందొమ్మిదేళ్ళుగా నేను తైలం రాస్తున్నాను. ఆ నొప్పి బొమ్మ ఎలా ఉంటుందో ఆరోజే చూశాను.

ఆ కాగితం చూసిన దగ్గర్నుంచి మా ఆవిడ ఆ పిల్లని పిల్ల అనడం మానేసింది. నేను మాత్రం అప్పటికింకా మానలేదు.

పని మొదలైంది. ముందు నేల మీద పసుపురంగు పట్టీలు వేశారు. ఏ లారీకి ఎక్కాల్సిన పెట్టెలు ఆ లారీ పట్టీలోనే ఉండాలి. చివర దిగాల్సిన డీలరు పెట్టెలు ముందు ఎక్కాలి, ముందు దిగాల్సినవి చివర. ఇది ఎవరికి తెలియదు అంటారా? అందరికీ తెలుసు. కానీ పెట్టెలు దొరికిన వరసలో ఎక్కించేసి, సగంలో తప్పు చూసుకుని దించేవాళ్ళు. ఎక్కువ పోయే మోటార్లని గేటు దగ్గరికి తెచ్చారు, ఏడాదికి నాలుగు పోయేవాటిని వెనక్కి నెట్టారు. ప్రతి మోటారుకీ ఒక చోటు, ఆ చోటుకొక నంబరు, ఎదురుగా గోడమీద ఆ మోటారు బొమ్మ. ఏది ఎక్కడుండాలో చెప్పింది మా ఆవిడే. ఏ మోటారుతో ఏ మోటారు జతగా పోతుందో, ఎండలు ముదిరితే ఏది ఎగబడి కొంటారో, వానలు పడితే ఏది కదలదో, ఆవిడకి తెలిసినట్టు ఏ ఇంజనీరుకి తెలుస్తుంది? బుర్రలో పందొమ్మిదేళ్ళు దాచుకున్నదంతా నేల మీదికి దించడం మొదలుపెట్టింది.

ఆ జబ్బు ఇంటికీ పాకింది. ఒక ఆదివారం నేను బజారుకెళ్ళి వచ్చేసరికి నా బల్ల మీద కత్తెర ఆకారం గీసి ఉంది. పక్కన టేపు ఆకారం, సుద్దబిళ్ళకి చిన్న గడి. నేను గొడవపెట్టుకున్నాను. ఇది నా బల్ల, నీ షెడ్డు కాదు అన్నాను. ఆవిడ వినిపించుకోకుండా కత్తెర తీసుకెళ్ళి ఆ గీతల మధ్య పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను పంతానికి దాన్ని నెల్లాళ్ళు ఎక్కడపడితే అక్కడే పెట్టాను.

అయితే నా కుట్టుపని వల్లే ఆవిడకి ఒక సంగతి తట్టింది. దాన్ని మాత్రం నా ఖాతాలో వేసుకుంటాను. పట్టీలు వేసినా షెడ్డులో ఇంకా ఇరుకుగానే ఉందట. సాయంత్రం లారీకి ఎక్కాల్సినవి పొద్దున్నే ఏరి పెడుతున్నారు. ఈలోగా డీలరు ఫోను చేసి అయిదు కాదు మూడు చాలంటాడు, లారీ మారుతుంది, ఏరినవాటిని పక్కకి జరపాలి, మళ్ళీ జరపాలి. పొద్దున్నే ఏరకపోతే సాయంత్రం అందదని అందరి భయం. ఒక రాత్రి అన్నం తింటూ నేను ఒక పెద్దమనిషి మీద చిరాకు పడుతున్నాను. కొలతలివ్వకుండానే కోటు కత్తిరించి ఉంచమన్నాడు, వచ్చినప్పుడు సరిచేసుకోవచ్చట. కొలత రాకుండా గుడ్డ మీద కత్తెర పెట్టేవాడు దర్జీయేనా అన్నాను. ముద్ద నోట్లో పెట్టుకోబోతున్న మా ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఏమైందని అడిగితే, మేం రోజూ చేసేది అదే అంది.

మర్నాటి నుంచి లారీ గేటు దగ్గరికి వచ్చి, డీలర్లకి ఎన్ని కావాలో కాగితం ఖరారయ్యాకే పెట్టె కదలాలన్నారు. చోటు ఖాళీ అయితే, అక్కడ ఎన్ని ఉండాలో రాసిపెట్టిన చీటీ ఫ్యాక్టరీకి పోవాలి, వాళ్ళు అన్నే పంపాలి. అందరూ గుండెలు చిక్కబట్టుకున్నారు. మొదటివారం రెండుసార్లు ఆలస్యమైంది. రెండోవారం ఒకసారి. మూడోవారం ఒక్కరోజు కూడా లేదు.

అంతా బాగానే ఉంది గానీ, అసలు ముల్లు ఇంకా లోపలే ఉంది. దాని పేరు అటక.

ఆ షెడ్డులో నిజంగా అటకేమీ లేదు. ప్రతివాళ్ళకీ తలా ఒక రహస్యమైన చోటు ఉండేది. స్తంభం వెనక, పాత పట్టాల కింద, చెక్కపలకల మధ్య. అవసరానికి ఉంటాయని నాలుగు పెట్టెలు అక్కడ దాచుకునేవాళ్ళు. నేల మీదున్నా సరే దాన్ని అటక అనే అనేవాళ్ళు. నీ అటకలో ఏమైనా ఉందా అని ఒకళ్ళనొకళ్ళు గుసగుసగా అడుక్కునేవాళ్ళు. ఈ ఆచారం మొదలుపెట్టింది ఎవరనుకున్నారు? మా ఆవిడే. చేరిన కొత్తల్లో ఒక ఆస్పత్రిలో మోటారు కాలిపోయి, నీళ్ళు లేక ఆపరేషన్లు ఆగిపోతే, షెడ్డులో ఎవరికీ దొరకని మోటారు మా ఆవిడ పాత కాటా వెనక నుంచి తీసి ఇచ్చింది. అందరూ దేవతలా చూశారు. అప్పట్నుంచి ప్రతివాళ్ళూ ఒక కాటా వెనక వెతుక్కున్నారు. ఇక కంప్యూటరు ఇరవై అంటే పదిహేడు కనబడ్డంలో వింతేముంది, మిగతా మూడు ఎవరి అటకలోనో ఉంటాయి. దొరకట్లేదని ఫ్యాక్టరీవాళ్ళు అవే మోటార్లు మళ్ళీ తయారుచేసేవాళ్ళు.

ఇంజనీరమ్మాయి అటకలు విప్పమంది. బెదిరించలేదు, ఎవరి పేరూ రాసుకోలేదు. మా ఆవిడే అందర్నీ ఒప్పించింది. ఒక్కొక్కరూ సిగ్గుపడుతూ తెచ్చి పెట్టారు. నా దగ్గర ఏమీ లేవని ఒట్టేసిన నిదానం, బ్యాటరీలు ఛార్జింగు పెట్టే గది నుంచి నాలుగు పెట్టెలు నెమ్మదిగా మోసుకొచ్చాడు. మొత్తం రెండువందల ఎనభై ఆరు పెట్టెలు బయటపడ్డాయి. ఆరోజు మా ఆవిడ ఇంటికొచ్చి ఆ అంకె చెప్పి పడీపడీ నవ్వింది. మరి నీవెన్ని అన్నాను. నవ్వాపి నీళ్ళు తాగడానికి వెళ్ళింది. నాకు అర్థమైంది. అందరి అటకలూ విప్పించిన మనిషి తనది విప్పలేదు.

ఎందుకో నాకు తెలుసు. అవి పెట్టెలు కావు, ఆవిడ పేరు. అందరూ చేతులెత్తేసినప్పుడు నేనున్నాను అని లేచే మనిషి ఆవిడ. అది తీసేస్తే తనూ పదకొండుమందిలో ఒకతె. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. జాలేసింది.

గడువు ముగియడానికి పదిరోజుల ముందు అది జరిగింది. మూడున్నర అయింది. పెద్ద డీలరు లారీకి ఇంకా ఒక హెచ్‌పీ మోటార్లు మూడు ఎక్కాలి. ఆ చోటు ఖాళీగా ఉంది. చీటీ వెళ్ళింది గానీ ఫ్యాక్టరీలో రేపు ఇస్తామన్నారు. పదిమందీ మా ఆవిడ వంక చూశారు. ఆవిడ కాటా వెనక్కి వెళ్ళి, టార్పాలిను ఎత్తి, మూడు పెట్టెలు తెచ్చింది. చప్పట్లు కొట్టారు. లారీ నాలుగుకి అయిదు నిమిషాలుండగా పోయింది.

ఇంజనీరమ్మాయి చప్పట్లు కొట్టలేదు. అందరూ వెళ్ళాక మా ఆవిడ పక్కకి వచ్చి, ఆ మూడూ అక్కడున్నాయని మీకు కాక ఇంకెవరికి తెలుసు అని అడిగిందట. ఎవరికీ తెలియదంది మా ఆవిడ.

"మీరు రాని రోజు ఏమవుతుందక్కా?"

"నేను రాకపోయినా నా ఫోను ఉంటుందిగా అమ్మా" అంది మా ఆవిడ.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి గిన్నెలమీద చూపించింది కోపమంతా. నిన్నగాక మొన్న వచ్చింది నాకు చెబుతుందా అంది. నేను ఎప్పట్లాగే వంతపాడబోయి ఆగాను. ఎందుకో మా అత్తగారు పోయినరోజు మోగిన ఫోను గుర్తొచ్చింది. ఆ మాటే అన్నాను. "ఆరోజు కాటా వెనక ఏముందో ఇంకొక్కరికి తెలిసుంటే, నువ్వు మీ అమ్మ దగ్గర ఆ ఫోను గోల లేకుండా కూర్చునేదానివి" అన్నాను. ముప్పై ఏళ్ళ కాపురంలో మా ఆవిడ నోరు మూయించింది నేను ఆ ఒక్కసారే. అన్నందుకు వెంటనే బాధపడ్డాను కూడా. ఆవిడ గిన్నె బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుని, చాలాసేపు గుమ్మంలో కూర్చుంది.

మర్నాడు పొద్దున పనిలోకి వెళ్ళగానే అందరి ఎదుటా టార్పాలిను లాగేసింది. నలభై పెట్టెలు. ఒక్కొక్కటీ ఎత్తి నంబరున్న చోట్లో పెట్టింది, సాయం వస్తామన్నా రానివ్వలేదు. ఆఖరి పెట్టె పెట్టాక, నా అటక కూడా అయిపోయింది, ఇక నన్ను అడక్కండి, గోడమీద బొమ్మల్ని అడగండి అందట. నిదానం ఈ సంగతి నాకు చెబుతూ ఒక మాటన్నాడు. "బావగారూ, అక్క అన్ని పెట్టెలు మోసింది గానీ, ఎత్తడానికి బరువనిపించింది మాత్రం మొదటి పెట్టేనండి." నిదానం నోటి నుంచి అంత పెద్ద మాట నేను మళ్ళీ వినలేదు.

ఆ ఖాళీ అయిన మూలలో ఇప్పుడు కుర్చీలు వేసుకుని మధ్యాహ్నం భోజనాలు చేస్తున్నారు.

ముప్పై రోజుల లెక్క మొదలైంది. గోడమీద బోర్డుకి రోజుకొక పచ్చచుక్క అంటించేవాళ్ళు. నాకు బట్టలు తెచ్చేవాళ్ళు కూడా, ఇవాళ ఎన్ని చుక్కలు అని అడిగేవాళ్ళు. వీధంతటికీ ఎలా తెలిసిందంటే, నేనే చెప్పాను. ఒకరోజు వాన, ఒకరోజు కరెంటు పోయింది, ఒకరోజు లారీయే గంట ఆలస్యంగా వచ్చింది. ఆరోజు మూడు ఇరవైకి వచ్చిన లారీ మూడు యాభైకి నిండి వెళ్ళిపోయింది. ఇదివరకు ఆ పనికి రెండు గంటలు పట్టేది.

ఇక నా గోల ఒకటుంది. అప్పటికి ఏడాదిగా నా కుడికంట్లో శుక్లం ముదురుతోంది. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటివాళ్ళని పిలవాల్సిన గతి పట్టింది. కళ్ళు పోతే దర్జీకి ఇంకేం మిగులుతుంది? ఆపరేషనుకి డాక్టరు రెండు నెలల ముందే తారీఖిచ్చాడు. బోర్డుమీద చుక్కలు లెక్కపెట్టుకుంటూ పోతే, ఆ తారీఖు సరిగ్గా ముప్పయ్యో రోజున పడింది.

వాయిదా వేయించుకుంటానన్నాను. కన్ను ఇంకో నెల ఆగుతుంది, పదకొండుమంది బతుకు ఆగదు అన్నాను. మనసులో మాట కూడా అదే. మా ఆవిడ ఆరోజంతా ఏమీ తేల్చలేదు. మర్నాడు నా మిషను దగ్గరికి వచ్చి నిలబడి చెప్పింది.

"మీ కన్ను వాయిదా వేస్తే, నేను గీసిన గీతలకి అర్థం లేదు. ఆస్పత్రికి వెళ్దాం."

ఆ మాట అంటూనే నా కత్తెర తీసి బల్ల మీద గీసిన గీతల మధ్య పెట్టింది.

షెడ్డులో చెబితే, వెళ్ళిరా అక్కా అన్నారట. ఒక్కరు కూడా వద్దనలేదు, ఏమైనా అవసరమైతే ఫోను చేస్తాంలే అని కూడా అనలేదు. అది ఆవిడకి కొంచెం గుచ్చుకుంది. పైకి చెప్పలేదు గానీ, ఆవిడ మౌనాల్లో ఏది ఏ రకమో నాకు తెలుసు.

పొద్దున పదింటికి ఆపరేషను అయింది. కుడికంటికి కట్టు కట్టి, సాయంత్రం దాకా కదలకుండా పడుకోమన్నారు. ఎదురుగా గోడగడియారం. మంచం పక్కన స్టూలు మీద మా ఆవిడ, ఆవిడ ఒళ్ళో ఫోను. రెండింటికి ఒకసారి తీసి చూసింది. రెండున్నరకి చూసింది. మూడయ్యాక దించడమే మానేసింది. నాకు మందు వేయడానికి వచ్చిన నర్సు, ఎవరైనా ఫోను చేయాలా అమ్మా అని అడిగింది. చేస్తారు, నేను వెళ్ళనిరోజు తప్పకుండా చేస్తారు అంది మా ఆవిడ.

మూడున్నర అయింది. పందొమ్మిదేళ్ళు, ఆవిడ ఇంట్లో ఉన్నప్పుడల్లా సరిగ్గా ఆ వేళకే మోగిన ఫోను. మోగలేదు. మూడుముప్పావు. పాడైందేమోనని నా ఫోను నుంచి తన ఫోనుకి కొట్టి చూసుకుంది. మోగింది. వెంటనే నొక్కేసి నావంక దొంగచూపు చూసింది. నాలుగయింది. నాలుగుంపావయింది. మొహం పాలిపోయింది. ఏదో జరిగింది, నాకు చెప్పడానికి మొహం చెల్లక ఊరుకున్నారు అంది. పోనీ నువ్వే చెయ్యి అన్నాను. చేస్తే వాళ్ళని నమ్మనట్టేగా అని తల అడ్డంగా ఊపింది.

నాలుగున్నరకి ఇక నావల్ల కాలేదు. నాకు అంత ఓపిక ఎప్పుడూ లేదు. నా ఫోను తీసి నిదానానికి కొట్టి, గొంతు బయటికి వినబడేలా పెట్టాను.

"బావగారూ, కన్నెలా ఉంది?" అన్నాడు వాడు, ఎప్పట్లాగే తాపీగా.

"నా కన్ను సంగతి తరవాత. లారీ?"

"లారీయా? మూడు నలభైకే పోయింది కదండీ."

"మరి చెప్పొద్దా?"

ఎందుకు అడుగుతున్నానో నిజంగానే వాడికి అర్థం కాలేదు. "చెప్పడానికేముంది బావగారూ, రోజూ పోయేదే కదా."

మా ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసుకుంది. ఒక హెచ్‌పీ మోటార్లు సరిపోయాయా అని అడిగింది. సరిపోయాయన్నాడు. ఏదైనా దొరక్క వెతికారా అని అడిగింది. లేదక్కా, దేని చోట్లో అది ఉంది అన్నాడు. ఆ తరవాత గుర్తొచ్చినట్టుగా, పెద్ద మేనేజరు గేటు దగ్గరే నిలబడి లారీని చూశాడని, ముప్పయ్యో చుక్క ఆయనే అంటించాడని, షెడ్డు ఇక మీదేనని అందరికీ చెప్పి వెళ్ళాడని చెప్పాడు. ఈ కబురు ముందు చెప్పాలని కూడా తోచలేదు మహానుభావుడికి. అక్కడ వెనక ఎవరో నవ్వుతున్నారు, కుర్చీలు జరుపుతున్న చప్పుడు. పాత కాటా మూలలోనే కూర్చున్నట్టున్నారు.

ఫోను పెట్టేసి మా ఆవిడ కిటికీవైపు తిరిగింది. నాకు భయమేసింది. పందొమ్మిదేళ్ళ పేరు అలా ఒక్క పూటలో ఎవరికీ అక్కర్లేకుండా పోతే ఏ మనిషికైనా కష్టంగా ఉండదా? నాకైతే ఉంటుంది. నేను లేకుండా నా మిషను మీద ఇంకెవరైనా చొక్కా కుడితే చంపేస్తాను.

ఆవిడ ఇటు తిరిగింది. కళ్ళు నిండుగా ఉన్నాయి, పెదాలు మాత్రం నవ్వాపుకోలేకపోతున్నాయి.

"ఇవాళ నన్నెవరూ వెతకలేదండీ" అంది.

ఫోను సంచిలో అడుగున పడేసి, స్టూలు మంచానికి దగ్గరగా లాక్కుని, నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ మొహాన్ని నేను ఒక్క కంటితోనే చూశాను. ఒక్క కన్ను చాలింది.